కుర్చీ గెలిచాడు, సభ గెలవడానికి మూడేళ్ళు పట్టింది



మనోళ్ళు ఎవరైనా లా సీటు తెచ్చుకున్నా, సర్పంచ్‌గా గెలిచినా ఫోటో పెట్టి, దండ వేసి అక్కడితో ఆగిపోతాం. తర్వాత ఆ కుర్చీలో ఏం జరిగిందో అడిగేవాళ్ళు తక్కువ. అందుకే ఈ రోజు హెరాల్డ్ వాషింగ్టన్ గురించి రాస్తున్నా. అమెరికాలోని షికాగో నగరానికి మొదటి నల్లజాతి మేయర్ ఈయన. వృత్తి రీత్యా లాయర్.

1922లో షికాగోలోనే పుట్టాడు. తండ్రి కూడా లాయరే, డెమోక్రటిక్ పార్టీకి బూత్ స్థాయి నాయకుడు. హెరాల్డ్ రెండో ప్రపంచ యుద్ధంలో సైన్యంలో పనిచేసి వచ్చి 1952లో లా పూర్తి చేశాడు. క్లాసులో నల్లజాతి విద్యార్థి ఆయనొక్కడే. ఆ తర్వాత రాష్ట్ర శాసనసభ, అక్కడి నుంచి అమెరికా కాంగ్రెస్.

ఆయన్ని దేవుణ్ణి చేయాల్సిన పని లేదు. ఫీజు తీసుకుని క్లయింట్ల పని చేయలేదని 1970లో లైసెన్స్ సస్పెండ్ అయింది. పన్ను రిటర్నులు వేయనందుకు 1972లో నెలకు పైగా జైల్లో ఉన్నాడు. పదకొండేళ్ళ తర్వాత, మేయర్ ఎన్నికలప్పుడు ప్రత్యర్థులు ఇవన్నీ తవ్వి తీశారు. లాయర్లు కావాలనుకునే తమ్ముళ్ళు ఇది గుర్తుపెట్టుకోవాలి. మనోడు చేసిన తప్పుకు ఇంకొకడి తప్పు కంటే ఆయుష్షు ఎక్కువ.

పోటీ చేయమని జనం అడిగితే ఆయన వెంటనే ఒప్పుకోలేదు. ముందు ఓటర్లను నమోదు చేయించండి అన్నాడు. సంక్షేమ ఆఫీసుల దగ్గర క్యూలో నిలబడ్డ పేదవాళ్ళ దగ్గరికే వెళ్ళి పేర్లు రాయించారు. లక్ష మందికి పైగా కొత్త ఓటర్లు చేరారు. 1983 ఏప్రిల్‌లో ఆయన గెలిచిన మెజారిటీ ఎంతో తెలుసా? 48 వేల చిల్లర. ఆ నమోదు లేకపోతే గెలుపే లేదని నా లెక్క. మన హాస్టళ్ళలో 18 నిండినోళ్ళు ఎంతమంది ఓటరు లిస్టులో ఉన్నారో ఒక్కసారి అడిగి చూడండి.

ఇక అసలు కథ. షికాగో కౌన్సిల్‌లో 50 మంది సభ్యులు, మన కార్పొరేటర్ల లాంటివాళ్ళు. అందులో 29 మంది ఒక్కటై, మొదటి సమావేశంలోనే కమిటీల పదవులన్నీ తమలో తామే పంచుకున్నారు. మేయర్ వైపు 21 మందే. ఆయన వేసిన నియామకాలు నెలల తరబడి అక్కడే ఆగిపోయేవి. వాళ్ళ తీర్మానాలను ఈయన వీటో చేసేవాడు. వీటోను కొట్టేయడానికి కావలసిన 34 ఓట్లు వాళ్ళకూ లేవు. ఊరంతా చూస్తుండగా మూడేళ్ళు ఇదే గొడవ.

ఇది మనకు కొత్తదా చెప్పండి? షెడ్యూల్డ్ ఏరియాలో సర్పంచ్ పదవి ఎస్టీకే. ఉప సర్పంచ్‌కు ఆ నియమం లేదు. తెలంగాణలో 2018 చట్టం వచ్చాక చెక్కు మీద ఇద్దరి సంతకాలూ కావాలి. రెండో సంతకం పడకపోతే మనోడు గెలిచినా గ్రామంలో బోరు రిపేరు కూడా కాదు. సర్పంచ్‌కు చేతకాలేదని జనం అంటారు. కుర్చీ ఇచ్చి పెన్ను దాచేస్తే ఎవరికి చేతనవుతుంది?

షికాగోలో ముడి విప్పింది ఉపన్యాసం కాదు, కోర్టు కేసు. నల్లజాతి, లాటినో ఓట్లు చీలిపోయేలా వార్డుల హద్దులు గీశారని, వాషింగ్టన్ మేయర్ కాకముందే వేసిన కేసు అది. చివరికి కోర్టు హద్దులు మార్పించి, 1986లో ఏడు వార్డుల్లో మళ్ళీ ఎన్నికలు పెట్టించింది. బలాబలాలు 25, 25 అయ్యాయి. సమానంగా వచ్చినప్పుడు తేల్చే ఓటు మేయర్‌దే. ఆగిపోయిన నియామకాలు అప్పుడు కదిలాయి. మనలో లా చదివేవాళ్ళు జడ్జి పరీక్షలు రాయండి, కాదనను. కానీ వార్డు హద్దుల ముసాయిదా వచ్చినప్పుడు గడువులోపు అభ్యంతరం రాసి ఇచ్చేవాడు ప్రతి మండలానికి ఒక్కడైనా కావాలి.

1987లో ఆయన మళ్ళీ గెలిచాడు. అదే ఏడాది నవంబర్ 25న ఆఫీసులోనే గుండెపోటు వచ్చి చనిపోయాడు. వారం తిరక్కముందే ఆయన వెనక ఉన్న నల్లజాతి సభ్యులు రెండు వర్గాలైపోయారు. బయట వేలమంది జనం నిలబడి అరుస్తుండగా, తెల్లవారుజామున, ఎక్కువగా తెల్లజాతి సభ్యుల ఓట్లతో యూజీన్ సాయర్ అనే నల్లజాతి సభ్యుడు మేయర్ అయ్యాడు. 1989లో ఆ కుర్చీ పాత మేయర్ డేలీ కొడుకు చేతికి పోయింది. ఆయన 22 ఏళ్ళు దిగలేదు.