పడమటి సముద్రమునకు ఒంటరి ప్రయాణము



ఒక సోదరి యిట్లు వ్రాసిరి: “నాకు 52 ఏండ్లు. కేరళదేశపు సముద్రతీరమును జూడవలెనని చిరకాలపు కోరిక. పిల్లల నడిగినఁ దీఱిక లేదందురు. ఒంటరిగాఁ బోయెద నన్న, ‘నీకుఁ దోడెవరు?’ అందురు. సొమ్ము కూడఁబెట్టుకొంటిని. కాని యింతవఱకు నా చేతితో రైలు టిక్కెట్టు కొని యెఱుఁగను. నేను పోవచ్చునా?”

పోవచ్చును. అయితే “తోడెవరు?” అను ప్రశ్నకుఁ గోపముతోఁ గాక కాగితముతో బదులు చెప్పవలెను. ఏ దినమున నే యూరు, ఏ బండి, ఎచ్చట బస అనునది వ్రాసి యొక ప్రతిని ఇంట నుంచినచో వారి భయము సగము తీఱును. దానిని స్వయముగా సిద్ధపఱచుటలో మన భయమును గొంత తీఱును.

మొదట ఋతువు నెంచుకొనవలెను. నైరృతి ఋతుపవనము సామాన్యముగా జూను 1వ తేదీ ప్రాంతమునఁ గేరళమును దాఁకును. సెప్టెంబరు వఱకు వానలే. అక్టోబరు, నవంబరు నెలలలో మధ్యాహ్నము దాఁటినపిదప ఉఱుములతో మరల వాన కురియును. మార్చి మొదలు ఉక్క యెక్కువ. డిసెంబరు మంచిదే కాని, సంక్రాంతి వఱకు శబరిమల యాత్రికులతో బండ్లు క్రిక్కిఱిసి యుండును. కావునఁ బండుగ ముగించుకొని, జనవరి చివరనో ఫిబ్రవరిలోనో బయలుదేఱుట మేలు.

ఇఁక టిక్కెట్టు. 2024 నవంబరునుండి 60 దినములు ముందుగా మాత్రమే స్థలము నిర్ణయించుకొనవచ్చును. ఆ దినమును పంచాంగముమీఁద గుర్తుపెట్టుకొనుఁడు. 45 ఏండ్లు నిండిన స్త్రీలకుఁ గ్రింది బెర్తులలోఁ గొంత భాగము కేటాయింపఁబడినది. ఢిల్లీనుండి విజయవాడమీఁదుగాఁ బోవు కేరళ ఎక్స్‌ప్రెస్సు మనకు వీలైన బండి. దారిలో నేదైన నిబ్బంది కలిగినచో 139 అను సంఖ్యకు ఫోను చేయవలెను. 1989 నాఁటి రైల్వేచట్టము ప్రకారము, మగతోడు లేని స్త్రీని టిక్కెట్టు లేదను కారణమునఁ గూడ రాత్రివేళ బండినుండి దింపివేయరాదు. ఈ సంగతి తెలిసియుండుట మంచిది.

దిగిన పిదప మజిలీలు దగ్గఱ దగ్గఱగా నుండవలెను. ఎఱ్ణాకుళము, ఆలప్పుళ, వర్కల, తిరువనంతపురము ఒకే రైలుదారిలో నున్నవి. ఒక్కొక్క మజిలీ మూఁడు గంటలు మించదు. ప్రతి యూరికిని పగటిపూటనే చేరునట్లు చూచుకొనుఁడు. ఆలప్పుళలో నౌకాగృహమునకు వేలు వ్యయపఱుప నక్కఱలేదు. రాష్ట్ర జలరవాణాశాఖవారి పడవలలోఁ గొలఁది రూపాయలకే, సంతనుండి యింటికి మరలు స్త్రీల నడుమఁ గూర్చుండి కాలువలు చూడవచ్చును. బస్సులమీఁది పేరులు మనము చదువలేము గనుకఁ బోవలసిన యూరిపేరు మలయాళమున వ్రాయించుకొనవలెను. భోజనశాలలో ఎఱ్ఱని వేఁడినీళ్లు పోసినచోఁ గలుషితమని యెంచరాదు. అవి పతిముఖమను చెక్క వేసి కాచిన మంచినీళ్లు. 1998లో నారంభమైన కుటుంబశ్రీ స్త్రీల సంఘములు నడపు భోజనశాలలలో ఒంటరిగాఁ దినుటకు సంకోచ ముండదు.

సముద్రముతో మాత్రము చనువు కూడదు. కావలివా రున్నచోటఁ దప్ప నీట దిగరాదు. అక్కడి జాలరులు ‘కళ్ళక్కడల్’ అను నొక యాపదను జెప్పుదురు. కళ్ళ ననఁగా దొంగ. కడ లనఁగా సముద్రము. దూరమున దక్షిణ మహాసముద్రములోఁ బుట్టిన తుపానుల యలలు నడచివచ్చి, ఇచ్చట గాలి లేకయే తీరముమీఁద విఱుచుకొనిపడును. వేసవినెలలలో నిది యధికము. దీని హెచ్చరికలను మన హైదరాబాదులోని ఇన్‌కాయిస్ అను సముద్ర సమాచారకేంద్రమువారు ప్రకటింతురు. తీరమునకుఁ బోవుముందు ఫోనులో వాని నొకసారి చూచుకొనుఁడు. ఆపద కలిగినచో 112, స్త్రీల సహాయమునకు 181 ఎల్లప్పుడు గుర్తుండవలెను.

మొదటి రాత్రి బసలో గొళ్లెము వేసికొన్నపిదప గుండె కొంచెము దడదడలాడును. “ఏల వచ్చితిని?” అనియుఁ దోఁచును. ఇంటికి ఫోను చేసి క్షేమము చెప్పి పండుకొనుఁడు, రెండవనాఁటికి నిదానించును. అందుకే మొదట దగ్గఱ యూరి కొకదాని కొంటరిగాఁ బోయి, ఒక రాత్రి యుండి రండు. ఆ టిక్కెట్టు మీ చేతితోనే కొనుఁడు.

మన తూర్పుతీరమున సూర్యుఁడు సముద్రమునుండి లేచుటయే మన మెఱుఁగుదుము. వర్కల కొండకొమ్మునఁ గూర్చున్నచో నతఁడు సముద్రములోఁ గ్రుంకుట కనఁబడును. త్వరగా లెమ్మని తొందర పెట్టువా రుండరు. చీఁకటి పడకముందే బసకు మరలి, ఆ సాయంకాలమును గూర్చి మాకొక జాబు వ్రాయుఁడు.