పశువుల పాకలో మంటకు మేత

క్రిస్మస్ దగ్గర పడింది. ఇంటింటా స్టార్లు వెలుగుతున్నాయి. చర్చిల్లో, ఇళ్లలో పశువుల పాకలు సిద్ధమవుతున్నాయి. ఆ పాకను ఒక్కసారి ఫైర్‌మన్ కళ్లతో చూడండి. పైన ఎండు వరిగడ్డి, కింద థర్మకోల్ అట్టలు, వెనక రంగు కాగితం, అన్నిటి మీదా మంచు కోసం పరిచిన దూది. వాటి మధ్య నుంచి సీరియల్ సెట్టు, ముందు నాలుగు కొవ్వొత్తులు. ఇంతకంటే త్వరగా అంటుకునే కుప్పను కావాలని పేర్చడమూ కష్టమే!

మంట ఎలా పాకుతుందో పిల్లలకు విప్పి చెప్పిందీ ఒక క్రిస్మస్ పాఠమే. లండన్ రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో 1825లో మొదలైన క్రిస్మస్ ఉపన్యాసాల్లో, 1860 సెలవులకు మైఖేల్ ఫారడే కొవ్వొత్తినే పాఠంగా తీసుకున్నాడు. అప్పుడే ఆర్పిన కొవ్వొత్తి నుంచి లేచే తెల్లటి పొగకు అగ్గిపుల్ల చూపితే, వత్తిని తాకకుండానే మంట పొగ వెంట దిగి దాన్ని అందుకుంటుంది. మండేది మైనం ఆవిరి.

దూది సంగతీ అంతే. సెగ తగిలితే అందులోని సెల్యులోజ్ విడిపోయి మండే వాయువులు వదులుతుంది. పైగా సన్నటి పోగులు, వాటి నడుమ కావలసినంత గాలి. బిగించి కట్టిన బట్టల మూట నిదానంగా రగులుతుంది. అదే నూలును దూదిగా విడదీసి పరిస్తే మంట ఆ కొస నుంచి ఈ కొసకు చూస్తుండగానే పరుగెడుతుంది. కింది థర్మకోల్ కరిగి, మండుతూ బొట్లు బొట్లుగా రాలుతుంది. ఊపిరాడనివ్వని నల్లటి పొగ కక్కుతుంది.

కొవ్వొత్తి మానేసి సీరియల్ సెట్టు పెట్టాం కదా అనుకుంటే పొరపాటే. పాతరకం బల్బుల సెట్టులో 230 వోల్టులనూ బల్బులన్నీ పంచుకుంటాయి. 40 ఉంటే ఒక్కోదానికి ఆరు వోల్టుల లోపే. పది మాడిపోతే వాటిని తీసేసి, వైర్లు మెలేసి మిగతావి వెలిగిస్తాం. అప్పుడు ఆ ముప్పైకీ తలా ఏడున్నర వోల్టులు దాటుతుంది, వేడి సగానికి పైగా పెరుగుతుంది. ఎల్‌ఈడీలు అంతగా వేడెక్కవు నిజమే, కానీ వదులైన అతుకు దగ్గర రేగే నిప్పురవ్వ ఏ సెట్టులోనైనా నిప్పురవ్వే.

ఒక ముప్పు తప్పించుకోబోయి మరోదాన్ని ఇంట్లోకి తెచ్చుకోవడమూ కొత్త కాదు. 1930లలో అమెరికాలో మండని మంచు అంటూ ఆస్‌బెస్టాస్ పొడి అమ్మారు. అది మండలేదు గానీ, ఊపిరితిత్తుల్ని చెడగొట్టే, క్యాన్సర్ తెచ్చే పీచు ఇళ్లలో చల్లినట్టయింది. ఇప్పుడు వస్తున్న బ్యాటరీ కొవ్వొత్తుల్లో చాలావాటిలో బటన్ సెల్ ఉంటుంది. పసివాళ్లు మింగితే, గొంతులో ఇరుక్కున్న సెల్ రెండు గంటల్లోనే అన్నవాహికను కాల్చేయగలదు. మూతకు స్క్రూ లేనిది కొనకండి. మింగారన్న అనుమానం వచ్చినా వాంతి చేయించవద్దు, నేరుగా ఆసుపత్రికి పరుగెత్తండి.

చేయాల్సినవి ఈ రోజే చేయండి. పాక మీది దూది తీసేయండి. తెల్లగా కనబడాలంటే రాతి ముగ్గు చల్లండి, అది మండదు. బియ్యప్పిండి మాత్రం వద్దు. కొవ్వొత్తులను పాకకు మూడు అడుగుల ఎడంగా, ఇసుక పోసిన పళ్లెంలో నిలపండి. టేపు చుట్టిన సెట్టు పారేయండి. స్టార్ కట్టే ఇనుప ఊచను కరెంటు తీగల దరిదాపుల్లో ఎత్తకండి. 24 రాత్రి ఇంటిల్లిపాదీ ఆరాధనకు బయల్దేరే ముందు ప్లగ్గు పీకండి. నిప్పంటుకుంటే ముందు మనుషుల్ని బయటికి పంపి 101కి ఫోన్ చేయండి. మెయిన్ ఆపకుండా నీళ్లు పోయవద్దు. ఒళ్లు కాలితే 20 నిమిషాలు కుళాయి నీటి కింద ఉంచండి. టూత్‌పేస్టు, ఇంకు పూయకండి.

చర్చి కమిటీలకు ఒక మాట. పాకను బయటికి వెళ్లే దారిలో కట్టవద్దు. ఆ రాత్రి తలుపులన్నీ గడియలు తీసి ఉంచండి, పాక దగ్గర ఒక మనిషిని కాపలా పెట్టండి. ఈ ఆదివారం ఆరాధన ముగిసేముందు పాస్టర్లు, ఫాదర్లు ఒక్క నిమిషం ఈ రెండు మాటలు చెప్పండి: దూది తీయండి, ప్లగ్గు పీకండి.