ఆ మూడు రోజుల హోంమంత్రి మన పీవీ

2025 ఫిబ్రవరి 25న ఢిల్లీ కోర్టు ఒకటి మాజీ ఎంపీ సజ్జన్ కుమార్‌కు రెండో యావజ్జీవ శిక్ష వేసింది. 1984 నవంబర్ 1న సరస్వతీ విహార్‌లో ఒక సిక్కు తండ్రినీ, ఆయన కొడుకునూ మూక చంపేసిన కేసు అది. అభియోగాలు నమోదైంది 2021 డిసెంబర్‌లో, శిక్ష పడింది నేరం జరిగిన 40 ఏళ్లకు. పాలం కాలనీ రాజ్‌నగర్‌లో ఐదుగురిని చంపిన కేసులో ఆయనకు మొదటి యావజ్జీవం 2018 డిసెంబర్ 17న హైకోర్టులో పడింది. అంతకుముందు కింది కోర్టు అదే కేసులో ఆయనను నిర్దోషిగా వదిలేసింది.

ఈ వార్తలు తెలుగులోనూ వచ్చాయి, ఢిల్లీ వార్తలుగా. 1984 అంటే మనకు గుర్తొచ్చేది నవంబర్ కాదు, ఆగస్టు. ఎన్టీఆర్‌ను గద్దె దించడం, నెల తిరిగేసరికి ఆయన మళ్లీ ముఖ్యమంత్రి కావడం. నవంబర్‌ను సిక్కులకు వదిలేశాం. కానీ ఆ నవంబర్‌లో దేశ హోంమంత్రి కుర్చీలో ఉన్నది పాములపర్తి వెంకట నరసింహారావు. జూలై నుంచి డిసెంబర్ దాకా ఆ శాఖ ఆయనదే.

అప్పటి ఢిల్లీలో హోంమంత్రి అంటే ఏమిటో గుర్తు చేసుకోవాలి. ఢిల్లీకి ముఖ్యమంత్రి లేడు, శాసనసభ లేదు. పోలీసు కమిషనర్ లెఫ్టినెంట్ గవర్నర్‌కు జవాబుదారీ, లెఫ్టినెంట్ గవర్నర్ కేంద్ర హోంశాఖకు జవాబుదారీ. మరే రాష్ట్రంలోనైనా శాంతిభద్రతలు మా చేతిలో లేవని కేంద్రం చెప్పవచ్చు. ఢిల్లీలో ఆ మాటకు తావు లేదు. అహూజా కమిటీ లెక్క ప్రకారం ఢిల్లీలో హతులు 2,733 మంది. యమున అవతల త్రిలోక్‌పురి 32వ బ్లాకులో ఇరుకు సందుల్లో మగవాళ్లను ఇళ్లలోంచి లాగి చంపుతుంటే, నవంబర్ 2న పత్రికా విలేకరులు చేరేదాకా ఆ సంగతి బయటికి పెద్దగా రాలేదు. నార్త్ బ్లాక్ నుంచి అక్కడికి కారులో గంట కూడా పట్టదు.

ఆ తరువాత ఎవరు మూల్యం చెల్లించారు? లెఫ్టినెంట్ గవర్నర్ గవాయ్ పదవి పోయింది. ఆ స్థానంలో ఎవరిని కూర్చోబెట్టారంటే, హోంశాఖ కార్యదర్శి వలీని! మంత్రి పదవికి ఏమీ కాలేదు. డిసెంబర్ ఎన్నికల్లో పీవీ హన్మకొండలో బీజేపీ అభ్యర్థి జంగారెడ్డి చేతిలో ఓడిపోయారు, అదీ ఢిల్లీ కారణంగా కాదు, తెలుగుదేశం గాలికి. మహారాష్ట్రలోని రాంటెక్ ఆయనను గెలిపించింది. రాజీవ్ గాంధీ ఆయనను రక్షణ మంత్రిని చేశారు.

పీవీ చేతులు కట్టేశారన్న వాదన ఒకటుంది. దాన్ని తేలిగ్గా కొట్టిపారేయలేం. ఆయన జీవితచరిత్ర ‘హాఫ్ లయన్’ రాసిన వినయ్ సీతాపతికి పీవీ సొంత కాగితాలు చూసే అవకాశం దొరికింది. హింసకు సంబంధించిన సమాచారమంతా ఇకపై ప్రధాని కార్యాలయానికే నేరుగా చేరాలని అక్టోబర్ 31 సాయంత్రం ఫోన్ వచ్చిందని, హోంమంత్రిని అలా పక్కన పెట్టారని ఆ పుస్తకం చెబుతుంది. అయినా సీతాపతి పీవీని వదిలిపెట్టలేదు, ఆయన జీవితంలో అత్యంత హీనమైన ఘట్టం ఇదేనన్న అర్థంలో రాశారు. పీవీ మీద అభిమానం దాచుకోని రచయిత ఆయన.

రెండో సాక్ష్యం ఇంకా దగ్గరివారిది. 2019 డిసెంబర్‌లో ఐ.కె. గుజ్రాల్ శతజయంతి సభలో మన్మోహన్ సింగ్ ఒక మాట అన్నారు. ఆ సాయంత్రమే గుజ్రాల్ హోంమంత్రి నరసింహారావు దగ్గరికి వెళ్లి, పరిస్థితి చేయి దాటుతోంది, వెంటనే సైన్యాన్ని పిలవండి అని చెప్పారని, ఆ సలహా విని ఉంటే ఊచకోత తప్పేదేమోనని ఆ మాట సారాంశం. పీవీ చేయి పట్టుకుని రాజకీయాల్లోకి వచ్చిన మనిషి, ఆయన ఆర్థికమంత్రి, స్వయంగా సిక్కు. శత్రువు మాటగా దాన్ని తీసిపారేయడం కుదరదు. పీవీ కుటుంబం నొచ్చుకుంది. కేబినెట్ ఆమోదం లేకుండా హోంమంత్రి ఒక్కడే ఎలా నిర్ణయిస్తాడని అడిగింది.

ఆ ప్రశ్నకు చట్టంలో జవాబుంది. అప్పుడు అమల్లో ఉన్న నేర విచారణ స్మృతి 130వ సెక్షన్ ప్రకారం, మూకను చెదరగొట్టడానికి సైన్యం సాయం కోరే అధికారం అక్కడున్న ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేట్‌కే ఉంది. దానికి కేబినెట్ తీర్మానం అక్కర్లేదు. ఇక సైన్యాన్ని పిలవనే లేదని కాదు, పిలిచారు. కాని 3వ తేదీ దాకా వీధులు అదుపులోకి రాలేదు. రెండు రోజుల పాటు ఆ ఆలస్యాన్ని ఏ గదిలో ఎవరు నడిపారన్నదే అసలు ప్రశ్న. పీవీ మీద ఏ కోర్టూ అభియోగం మోపలేదు, అది ఆయన పక్షాన చెప్పాల్సిన మాట. అయితే కోర్టులకు వెళ్లిన కాగితాల సంగతేమిటో కూడా చెప్పుకోవాలి. ఒక్కో ఎఫ్‌ఐఆర్‌లో పదుల, వందల ఘటనలు కుక్కేశారు. నమోదైన 587 ఎఫ్‌ఐఆర్‌లలో 240కి పైగా ‘నిందితుల ఆచూకీ దొరకలేదు’ అని మూసేశారు. వేద్ మార్వా విచారణను మధ్యలో ఆపించారు. రంగనాథ్ మిశ్రా మొదలు నానావతి దాకా కమిషన్లు, కమిటీలు వరుసకట్టాయి. ఫైలు కట్టిన తీరులోనే నిందితుల విడుదల దాగి ఉంది.

ఇలాంటి చరిత్రను ఎదుర్కొన్న మరో సమాజాన్ని చూద్దాం, చాలా దూరంలో. 1857 సెప్టెంబర్ 11న అమెరికాలోని యూటాలో, మౌంటెన్ మెడోస్ అనే పచ్చిక మైదానంలో, ఆర్కాన్సా నుంచి కాలిఫోర్నియాకు బండ్లు కట్టుకుని పోతున్న సుమారు 120 మందిని మోర్మన్ సాయుధ దళం చంపింది. తెల్లజెండా చూపించి, రక్షణ ఇస్తామని నమ్మించి, ఆయుధాలు అప్పగించాక చంపారు. పసివాళ్లు 17 మందిని మాత్రం వదిలారు. నేరాన్ని ఏళ్ల తరబడి పాయూట్ ఆదివాసుల మీదికి నెట్టారు. శిక్ష పడింది ఒక్కరికే. జాన్ డి. లీ అనే దళ నాయకుణ్ణి 1877లో అదే మైదానంలో కాల్చి చంపారు. తతిమ్మా వాళ్లు తమ ఊళ్లలో పెద్దమనుషులుగానే బతికారు. ఒకడిని బలిచ్చి పుస్తకం మూసేయడం ఢిల్లీకి కొత్త విద్యేం కాదు.

ఆ పుస్తకాన్ని తెరిచింది ప్రత్యర్థి మతం కాదు. నెవాడాలో పుట్టిన మోర్మన్ మహిళ జువానిటా బ్రూక్స్ 1950లో ఆ ఊచకోత చరిత్ర రాశారు. తన చర్చిని వదల్లేదు, రాసింది వెనక్కి తీసుకోలేదు. చర్చి అధికారికంగా తీవ్ర విచారం వెలిబుచ్చడానికి 2007 దాకా, అంటే 150 ఏళ్లు పట్టింది. మరుసటి ఏడాది మోర్మన్ చరిత్రకారులు ముగ్గురు చర్చి సొంత దస్తావేజుల ఆధారంగానే ఒక గ్రంథం తెచ్చారు. మనకు ముఖ్యమైనది క్షమాపణ మాట కాదు, దస్తావేజులు తెరిచిన పని. మాటలు ఢిల్లీలోనూ దొరికాయి. 2005 ఆగస్టులో నానావతి నివేదిక తర్వాత మన్మోహన్ సింగ్ రాజ్యసభలో సిగ్గుతో తల వంచుతున్నానన్నారు. చేసింది సిక్కు ప్రధాని, చెప్పింది సిక్కు సమాజానికీ, మొత్తం దేశానికీ! ఆ విడ్డూరాన్ని అప్పుడెవరూ పెద్దగా పట్టించుకోలేదు.

ఢిల్లీ ఊళ్లోనే కాదు ఈ కథ. హర్యానా రేవాడీ జిల్లా హోంద్-చిల్లర్‌లో నవంబర్ 2న 32 మంది సిక్కులను చంపిన సంగతి 2011 దాకా దేశానికి తెలియదు. గురుగ్రామ్‌లో పనిచేస్తున్న ఒక ఇంజనీర్ ఆ పాడుబడ్డ ఇళ్లను చూసి అడగడం మొదలుపెట్టాకే, జస్టిస్ గర్గ్ కమిషన్ వచ్చింది. ఇవాళ గురుగ్రామ్‌లో ఉద్యోగాలు చేసుకుంటున్న వేల మంది తెలుగువాళ్లకు ఆ ఊరు ఎంతో దూరం కాదు.

2018 తీర్పులో జస్టిస్ మురళీధర్ ధర్మాసనం మరో విషయం చెప్పింది. ఇలాంటి సామూహిక హత్యలకు ‘మానవత్వంపై నేరాలు’ అనే నేరం మన చట్టంలో లేదని, ఆ లోటు పూడ్చాలని. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలోనూ అది చేరలేదు.

ఇక పీవీ విషయం. 2020–21లో తెలంగాణ ప్రభుత్వం ఆయన శతజయంతిని ఏడాది పొడవునా జరిపింది, నెక్లెస్ రోడ్డుకు ఆయన పేరు పెట్టింది. 2024లో భారతరత్న వచ్చింది. 1991 సంస్కరణల మీద, బహుభాషా పాండిత్యం మీద ఎన్ని ప్రసంగాలు! ఆయన అంత్యక్రియలను ఢిల్లీలో జరగనివ్వని అవమానాన్ని మనం మరిచిపోలేదు, మరిచిపోనక్కర్లేదు కూడా. కాని ఆ అవమానం మనల్ని ఒక ప్రశ్న అడగకుండా ఆపుతోంది. కాంగ్రెస్ ఆయనకు అన్యాయం చేసింది కనుక, ఆయన ఎవరికీ అన్యాయం చేసి ఉండరని ఎలా అనుకుంటాం?

బాబ్రీ మసీదు కూల్చివేత మీద పీవీ సొంత వాదనతో ఒక పుస్తకం రాసి పెట్టుకున్నారు, ఆయన పోయాక 2006లో అది అచ్చయింది. 1984 నవంబర్ మీద అలాంటి పుస్తకం ఏదీ రాలేదు. సీతాపతికి చూపించిన కాగితాలను హైదరాబాద్‌లోనో వరంగల్‌లోనో ఒక విశ్వవిద్యాలయంలో చరిత్ర విద్యార్థుల ముందు పెట్టవచ్చు. అక్టోబర్ 31 నుంచి నవంబర్ 3 దాకా నార్త్ బ్లాక్‌కు వచ్చిన ఫోన్లు, పోయిన ఆదేశాల ఫైళ్లు బయట పెట్టమని హోంశాఖను అడగవచ్చు. అడగాల్సింది అకాలీలో, బీజేపీయో కాదు, వాళ్ల లెక్కలు వేరు. ఆయన పేరిట సభలు పెట్టినవాళ్లు అడగాలి.