నడుముకు పిస్టల్ కట్టుకునే ముందు

“గ్లాక్ తీసుకోవాలా, సిగ్ తీసుకోవాలా?” అమెరికాలోని తెలుగు సంఘాల్లో ఆరాధన ముగిసి భోజనాలకు కూర్చున్న చోట ఇప్పుడు ఈ ప్రశ్న వినబడుతోంది. ఇళ్ల ధరలు, గ్రీన్‌కార్డు వరుస, పిల్లల కాలేజీ ఫీజుల ముచ్చట్ల పక్కన, చొక్కా కింద దాచుకుని తిరగగలిగే చిన్న పిస్టల్ కూడా వచ్చి చేరింది. ఈ ప్రశ్న అడిగే సహోదరులను ఎగతాళి చేయడానికో, మీ విశ్వాసం ఏమైందని గద్దించడానికో ఈ మాటలు రాయడం లేదు. అడిగినదానికి సూటిగా జవాబు చెప్పాలి. ఆ తరువాత, అడగకుండా దాటేస్తున్న ప్రశ్నలను కూడా ముందు పెట్టాలి.

భయానికి కారణాలు లేకపోలేదు. 2015 జూన్ 17న సౌత్ కరోలినాలోని చార్ల్‌స్టన్‌లో, ఎమాన్యుయేల్ ఏ.ఎం.ఇ. చర్చిలో బైబిలు అధ్యయనానికి కూడుకున్న తొమ్మిదిమందిని, వారు ఆదరించి తమ మధ్య కూర్చోబెట్టుకున్న యువకుడే కాల్చి చంపాడు. 2017 నవంబరు 5న టెక్సస్‌లోని సదర్లాండ్ స్ప్రింగ్స్‌లో ఆదివారపు ఆరాధనలో, తల్లి గర్భంలోని శిశువుతో కలిపి 26 మంది ప్రాణాలు పోయాయి. అదే ఏడాది ఫిబ్రవరిలో కాన్సస్ రాష్ట్రం ఒలేథ్‌లో మన ఇంజనీరు శ్రీనివాస్ కూచిభొట్ల జాతి ద్వేషానికి బలయ్యాడు. గ్యాస్ స్టేషన్లలో, దుకాణాల్లో రాత్రి డ్యూటీ చేస్తూ తూటాలకు కూలిన మన పిల్లల వార్తలు ఆంధ్రలోను, తెలంగాణలోను ఎన్ని ఇళ్లలో ఏడుపులు పుట్టించాయో మనకు తెలుసు.

చట్టం కూడా మారింది. ఇంటి బయట ఆత్మరక్షణ కోసం పిస్టల్ వెంట ఉంచుకోవడం రాజ్యాంగం ఇచ్చిన హక్కేనని 2022 జూన్‌లో బ్రూయెన్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఇప్పుడు సగానికి పైగా రాష్ట్రాల్లో, అర్హత ఉన్నవారు దాచి ధరించడానికి పర్మిట్ కూడా అక్కరలేదు. టెక్సస్‌లో 2021 సెప్టెంబరు 1 నుంచి ఇదే పద్ధతి. భయం పెరిగి, అడ్డు తగ్గినప్పుడు మిగిలేది ఒక్క ప్రశ్నే: ఏది కొనాలి?

తేడా ఎంత?

ముందు ఆ జవాబే చూద్దాం. ఈ చర్చలో తరచుగా వినబడే పేర్లు నాలుగు: సిగ్ సావర్ పి365, గ్లాక్ 43ఎక్స్, స్ప్రింగ్‌ఫీల్డ్ హెల్‌క్యాట్, స్మిత్ అండ్ వెసన్ షీల్డ్ ప్లస్. నాలుగూ 9 ఎం.ఎం. తూటా వాడతాయి. నాలుగింటి మందం అంగుళం అటూ ఇటూ. బ్యారెల్ మూడు నుంచి మూడున్నర అంగుళాల లోపు. తూటాలు నింపకముందు బరువు అర కిలో చుట్టుపక్కల. మామూలు మ్యాగజైన్‌లో పట్టే తూటాలు పది, హెల్‌క్యాట్‌లో పదకొండు. 2018లో పి365 రాకముందు ఇంత చిన్న పిస్టల్‌లో ఆరు నుంచి ఎనిమిది తూటాలే పట్టేవి. 2015లో వచ్చిన గ్లాక్ 43లో ఆరే. పి365 వచ్చాక మిగతా కంపెనీలు దాన్ని అందుకోవడానికి పరుగెత్తాయి. అందుకే నాలుగూ తోబుట్టువుల్లా ఉన్నాయి. వీటికి అన్నలాంటిది గ్లాక్ 19. 1988 నుంచి ఉంది, పదిహేను తూటాలు పడతాయి, కొంచెం లావు, కొంచెం బరువు.

కాబట్టి కాగితం మీది అంకెలు చూసి ఎంచుకోవడానికి పెద్దగా ఏమీ లేదు. ఎంచుకోవలసినది మూడు నాలుగు విషయాల్లో. మొదటిది, చేతిలో ఇమడడం: చిటికెన వేలు పట్టు మీద నిలుస్తోందా, చూపుడు వేలు ట్రిగ్గర్‌కు సరిగా అందుతోందా? రెండవది, తట్టుకోగలగడం. చిన్న పిస్టల్ మోయడానికి సుఖం, కాల్చడానికి కష్టం. తేలిక అయ్యేకొద్దీ చేతిని వెనక్కి తన్నే దెబ్బ ఎక్కువ. చేయి నొప్పి పుట్టించే పిస్టల్‌తో ఎవరూ సాధన చేయరు; సాధన చేయని పిస్టల్ అవసరానికి పనికిరాదు. మూడవది, సేఫ్టీ మీట. గ్లాక్‌కు బొటనవేలితో వేసే మీట ఉండదు, ట్రిగ్గర్ మీదే చిన్న రక్షణ నాలుక ఉంటుంది. పి365, షీల్డ్ ప్లస్ మీటతోను, మీట లేకుండాను దొరుకుతాయి. నాలుగవది, శుభ్రం చేసే పద్ధతి. గ్లాక్‌ను విప్పాలంటే ముందు ట్రిగ్గర్ నొక్కాలి. లోపల తూటా మిగిలి ఉందని గమనించకపోతే అక్కడే ప్రమాదం. పి365ను విప్పడానికి ట్రిగ్గర్ నొక్కనక్కరలేదు. మరవకూడనిది ఇంకొకటి, ట్రిగ్గర్‌ను పూర్తిగా కప్పే గట్టి హోల్‌స్టర్. ఆరువందల డాలర్ల పిస్టల్‌ను జేబులో వట్టిగా వేసుకు తిరిగేవాడు తన కాలికే గురిపెట్టుకున్నట్టు.

సౌలు తొడిగిన కవచాన్ని దావీదు ఎందుకు విప్పేశాడో గుర్తుందా? అది చెడ్డ కవచం కాదు, రాజుగారిది. కానీ దావీదుకు అది అలవాటు లేదు, దానితో అడుగు వేయలేకపోయాడు. ఏండ్ల తరబడి అలవాటైన వడిసెలే అతనికి పనికొచ్చింది. స్నేహితుని పిస్టల్, యూట్యూబ్‌లో పొగిడిన పిస్టల్ మీకు సౌలు కవచమే కావచ్చు. షూటింగ్ రేంజిలో అద్దెకు ఇస్తారు. రెండు మూడింటిని శిక్షకుని ఎదుట కాల్చి చూసి నిర్ణయించుకోండి. అయితే రేంజి గడప తొక్కే ముందే తేల్చుకోవలసిన సంగతి ఒకటుంది.

మీ వీసా ఏమిటి?

మన తెలుగువారికి ఇది అన్నిటికంటే పెద్ద ప్రశ్న. ఎక్కువమందికి తెలియనిది కూడా ఇదే. నాన్‌ఇమిగ్రెంట్ వీసా మీద అమెరికాలో ప్రవేశించినవారు తుపాకీ గాని తూటా గాని తమ వద్ద ఉంచుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. విద్యార్థుల ఎఫ్-1, ఉద్యోగుల హెచ్-1బి, వారి భార్య లేక భర్త హెచ్-4, అన్నీ దీని కిందికే వస్తాయి. చెల్లుబాటయ్యే వేట లైసెన్సు వంటి కొద్ది మినహాయింపులు ఉన్నాయి గాని, వాటిని స్నేహితుల మాట మీద నమ్ముకోవద్దు, ఇమిగ్రేషన్ లాయరును అడగండి. రాష్ట్రంలో పర్మిట్ అక్కరలేదు అన్నంత మాత్రాన ఫెడరల్ నిషేధం పోదు. శిక్ష పదిహేనేళ్ల జైలు వరకు ఉండవచ్చు. తుపాకీ నేరంలో శిక్ష పడితే దేశం నుంచి పంపివేయడానికి అదొక్కటే కారణంగా చాలు. గ్రీన్‌కార్డు ఉన్నవారికి కూడా ఈ చివరి ప్రమాదం ఉంది.

ఇది పుస్తకాల్లో మాత్రమే ఉన్న చట్టం కాదు. యు.ఏ.ఇ. నుంచి విద్యార్థి వీసాపై ఫ్లోరిడాకు వచ్చిన ఒక యువకుడు కాలేజీ నుంచి తొలగింపబడ్డాక అక్కడే ఉండిపోయాడు. అతడు చేసింది షూటింగ్ రేంజికి వెళ్లి తుపాకీ కాల్చడం. కేసు సుప్రీంకోర్టుదాకా వెళ్లింది. తన వీసా స్థితి అతనికి తెలుసునని కూడా ప్రభుత్వం నిరూపించాలని 2019లో కోర్టు చెప్పింది. ఆ తీర్పు వచ్చేలోపు ఆ కుర్రవాని బ్రతుకు ఏమై ఉంటుందో ఊహించండి. సెలవు రోజున సరదాగా రేంజికి వెళ్లి, ఫొటో తీసి ఫేస్‌బుక్‌లో పెట్టే మన పిల్లలు ఈ సంగతి తెలుసుకోవాలి. ఇక్కడ ఉన్న తల్లిదండ్రులారా, ఫోనులో ఒకసారి చెప్పండి.

రాష్ట్రాల చట్టాలూ ఒకేలా లేవు. కాలిఫోర్నియా, న్యూయార్క్, న్యూజెర్సీలలో పది తూటాలకు మించిన మ్యాగజైన్‌కు అనుమతి లేదు. డల్లాస్‌లో మామూలుగా దొరికే గ్లాక్ 19 పదిహేను తూటాల మ్యాగజైన్‌ను బదిలీ మీద ఎడిసన్‌కు తీసుకెళ్తే అది నేరం. ఇంకొక మాట: పిస్టల్ కలవారు ఇండియాకు బయలుదేరే ముందు బ్యాగు అడుగు వరకు వెతుక్కోవాలి. మరచిపోయిన ఒక్క తూటా దొరికినా మన విమానాశ్రయాల్లో ఆయుధాల చట్టం కింద కేసు పెడతారు.

ఇంట్లో ఎక్కడ పెడతారు?

2023లో అమెరికాలో తుపాకుల వల్ల చనిపోయినవారు సుమారు 46,700 మంది. అందులో 27 వేలకు పైగా ఆత్మహత్యలు. అంటే సగానికంటే ఎక్కువ మందిని చంపింది తెలియని దుండగుడు కాదు. చీకటి రాత్రి ఒకటి, దానితోపాటు అందుబాటులో ఉన్న తుపాకీ. మన ఇళ్లలో చదువుల ఒత్తిడి, ఉద్యోగం పోతే వీసా పోతుందన్న దిగులు, బయటకు చెప్పుకోలేని కుటుంబ కలతలు లేవా? దొంగ కోసం కొన్న పిస్టల్ ఇంట్లో ఎవరి చేతికి అందుతుందో కొనే ముందే ఆలోచించాలి. తాళం వేసిన చిన్న ఇనుప పెట్టె పిస్టల్‌తో పాటే కొనాలి. ఇంట్లో ఎవరైనా కుంగుదలలో ఉంటే ఆ తుపాకీ ఇంట్లో ఉండకపోవడమే మేలు.

మన స్త్రీల గురించి ఒక మాట. చీర, చుడీదార్ కట్టుకున్నవారికి నడుము హోల్‌స్టర్ కుదరదు. కాబట్టి హ్యాండ్‌బ్యాగ్ అంటారు. మన మందిరాల్లో తల్లి బ్యాగు అంటే బిస్కెట్లు, నీళ్ల సీసా, బైబిలు, పిల్లల బొమ్మలు అన్నీ ఉండేది. ప్రతి బిడ్డా చేయి పెట్టేది అందులోనే. 2014 డిసెంబరు 30న ఐడహోలోని హేడెన్‌లో ఒక వాల్‌మార్ట్ దుకాణంలో రెండేళ్ల పసివాడు తల్లి బ్యాగులో చేయి పెట్టాడు. తుపాకీ కోసమే ప్రత్యేకమైన అర ఉన్న బ్యాగు అది. ఆ తల్లి అక్కడే చనిపోయింది. ఒంటి మీద ఉంచుకోలేని పిస్టల్ మందిరానికి తేవద్దు.

సంఘంలో ఎవరు ధరించాలి?

2019 డిసెంబరు 29న టెక్సస్‌లోని వైట్ సెటిల్‌మెంట్‌లో, వెస్ట్ ఫ్రీవే చర్చ్ ఆఫ్ క్రైస్ట్‌లో జరిగినదాన్ని ఇరువైపులవారూ ఉదాహరణగా చూపుతారు. ఆరాధన మధ్యలో ఒకడు తుపాకీ తీసి ఇద్దరిని చంపాడు. భద్రతా బృందం నాయకుడు జాక్ విల్సన్ సుమారు ఆరు సెకన్లలో ఒక్క తూటాతో అతణ్ణి పడగొట్టాడు. ఇంకెందరి ప్రాణాలు దక్కాయో. దీన్ని తక్కువ చేయనక్కరలేదు. కానీ పూర్తిగా చూడాలి. విల్సన్ ఏండ్ల తరబడి తుపాకీ శిక్షణ ఇచ్చినవాడు, పూర్వం రిజర్వ్ డిప్యూటీగా పనిచేసినవాడు. అతని చేతిలో ఉన్నది మనం పోల్చుకుంటున్న బుల్లి పిస్టల్ కాదు, వాటికంటే బాగా బరువైన సిగ్ పి229. ఆ మనిషి లోపలికి వచ్చినప్పుడే అనుమానించి, కెమెరా అతని మీద ఉంచమని చెప్పినవాడు. చనిపోయిన ఇద్దరిలో ఒకరు అదే బృందంలోనివారు. పిస్టల్ తీస్తుండగానే తూటా తగిలింది. పిస్టల్ ఉండడం వేరు, అది సమయానికి చేతికి రావడం వేరు. ఇంకా, దుండగుడు పడిపోయాక మందిరంలో మరికొందరు తుపాకులు పట్టుకుని నిలబడ్డారు. ఆ క్షణంలో పోలీసులు వస్తే ఎవరు రక్షకుడో, ఎవరు హంతకుడో ఎలా తెలుస్తుంది? 2021 జూన్‌లో కొలరాడోలోని అర్వాడాలో, హంతకుణ్ణి ఆపిన పౌరుణ్ణే పోలీసు పొరబడి కాల్చి చంపాడు. ముఖం రంగు చూసి తొందరపడే దేశంలో మనవారు ఈ మాటను రెండుసార్లు ఆలోచించాలి.

అందుకే ఇది ఒక్కొక్కరు చొక్కా కింద రహస్యంగా తీసుకునే నిర్ణయం కాకూడదు. సంఘ పెద్దలు కూర్చుని తేల్చవలసినది. టెక్సస్‌లో సంఘం నోటీసు ద్వారా వద్దనకపోతే లైసెన్సు ఉన్నవారు మందిరంలో ధరించవచ్చు. జార్జియాలో సంఘ పాలకవర్గం అనుమతిస్తేనే ధరించాలి. న్యూయార్క్ 2022లో ఆరాధనా స్థలాలను నిషిద్ధ జాబితాలో చేర్చగా దానిపై కోర్టుల్లో వాదాలు సాగాయి. మీ రాష్ట్రంలో ఏమిటో లాయరును అడిగి, తీర్మానం రాతపూర్వకంగా పెట్టుకోండి. సాయుధులు ఉండాలనుకుంటే కొద్దిమందే ఉండాలి. శిక్షణ పొందినవారు, సంఘానికి తెలిసినవారు, స్థానిక పోలీసులకు పరిచయమైనవారు. ఆరాధన మొదలయ్యాక పక్క తలుపులకు తాళం, ద్వారం దగ్గర మెలకువగల ఇద్దరు సహోదరులు, ఒక కెమెరా, రక్తస్రావం ఆపే కిట్టు, దాన్ని వాడడం తెలిసిన నర్సు సహోదరి. మన సంఘాల్లో నర్సులకు కొదువా? ఇవన్నీ ఒక పిస్టల్ ధరకు కాస్త అటూ ఇటూగా సమకూరుతాయి.

నిర్గమకాండము ఇరవై రెండవ అధ్యాయంలో దొంగను గూర్చిన విధి ఉంది. రాత్రి కన్నం వేస్తుండగా కొట్టబడి చచ్చినవాని విషయం వేరు, ప్రొద్దు పొడిచాక చంపబడినవాని విషయం వేరు. ఇంటివాని ప్రాణానికీ దొంగ ప్రాణానికీ లెక్క చెప్పవలసినదే. ఆత్మరక్షణను ఒప్పుకున్న చోటే దానికి హద్దు గీసింది ధర్మశాస్త్రం. నేటి అమెరికా కోర్టులు కూడా అదే అడుగుతాయి: నిజంగా ప్రాణభయం ఉండిందా?

కాబట్టి ప్రియ సహోదరులారా, వరుస మార్చుకోండి. మొదట వీసా, తరువాత రాష్ట్రపు చట్టం, ఇంట్లో తాళం, క్రమమైన శిక్షణ, సంఘ పెద్దల సమ్మతి. ఈ ఐదూ దాటిన తరువాత కూడా మీకు పిస్టల్ అవసరమని తోస్తే, చేతికి ఇమిడేది, మీరు నెల నెలా సాధన చేయగలిగేది ఏదైనా ఒకటి తీసుకోండి. ఈ ఐదింటిలో ఒక్కటి తప్పినా, సిగ్ అయినా గ్లాక్ అయినా మీ ఇంటికి రావలసినది కాదు.