ఈ పాటలో హీరో ఎవరు సార్?

దిల్‌సుఖ్‌నగర్‌లో గిటార్ నేర్పి బతుకుతున్నవాడు సిద్ శ్రీరామ్‌కు ఎంతో కొంత రుణపడి ఉంటాడు. 2018లో ‘గీత గోవిందం’ నుంచి ‘ఇంకేం ఇంకేం’ వచ్చింది మొదలు, చైతన్యపురిలో నా గది మెట్లెక్కిన కుర్రాళ్లలో చాలామంది ఆ గొంతు పట్టుకునే వచ్చారు. అదే ఏడు ‘ఉండిపోరాదే’, మరుసటేడు ‘సామజవరగమన’, తర్వాత ‘శ్రీవల్లి’, ‘కళావతి’. కింద కర్రీ పాయింట్, పైన నా క్లాసు, కిటికీ తీస్తే మెట్రో పిల్లర్లు. నల్లగొండ, సూర్యాపేట, ఖమ్మం, మహబూబ్‌నగర్ వైపు నుంచి వచ్చి హాస్టళ్లలో ఉంటూ గ్రూప్స్‌కో, ఎస్సై పోస్టుకో, డీఎస్సీకో చదువుకునే పిల్లలు. ఫీజు ఎంతని అడగకముందే, ‘‘సార్, సిద్ శ్రీరామ్ పాట ఎన్ని రోజుల్లో వస్తది?’’ అంటారు.

అదే సిద్ శ్రీరామ్ సొంతంగా పాటలు కట్టుకుని పాడిన ఆల్బమ్ ఉందంటే మాత్రం మొహమొహాలు చూసుకుంటారు. నా గొడవంతా ఇదే.

2023 ఆగస్టులో ‘సిద్ధార్థ్’ పేరుతో ఆ ఆల్బమ్ వచ్చింది. సొంత పేరే పెట్టుకున్నాడు. అంతకుముందు 2019లో ‘ఎంట్రపీ’ అనే ఆల్బమ్ ఉంది గానీ, ఇది వేరే అడుగు. చెన్నైలో పుట్టి, కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో పెరిగి, తల్లి దగ్గర కర్ణాటక సంగీతం నేర్చుకుని, బోస్టన్‌లోని బర్క్లీ కాలేజీలో చదువుకున్న మనిషి, మినియాపొలిస్ వెళ్లి రయన్ ఓల్సన్ అనే సంగీత నిర్మాతతో కూర్చుని చేసిన ఇంగ్లిష్ పాటలివి. అచ్చమైన రాక్ అనలేం. రాక్ ఉంది, సోల్ ఉంది, ఎక్కడో ఓ గమకం మెలిక తిరిగి పోతుంది. విడుదల చేసింది డెఫ్ జామ్. హిప్‌హాప్ చరిత్రలో సగం ఆ కంపెనీ లేబుల్ మీదే ఉంటుంది.

ఇక పాటల సంగతి. మన సినిమా పాటలో ఆయన పని ఒకటే: చరణం చివర గొంతు పైకి లేపి, థియేటర్లో ఒళ్లు జలదరింపజేయడం. సంగీత దర్శకులు ఆ ఒక్క ఎత్తు కోసమే ఆయన్ను పిలుస్తున్నారా అని నాకో అనుమానం. సొంత ఆల్బమ్‌లో ఆ ఎత్తు దాదాపు వదిలేశాడు. గొంతు వాయిద్యాల మధ్యకు వెళ్లి కూర్చుంటుంది. చెప్పాల్సిన మాట సగంలో ఆపుతాడు. ‘డియర్ సహానా’ అనే పాటనే తీసుకోండి. ప్రేమ ఉంది, కానీ అమ్మాయి వెంట పడే కుర్రవాడి ప్రేమలా ఉండదు. జీవితం కాస్త నలిగాక మాట్లాడే మనిషి గొంతు అది. ‘డూ ది డాన్స్’ పేరు చూసి మాస్ బీట్ అనుకుని పెట్టుకున్నవాడికి నిరాశే. మధ్యలో ఒకటి రెండు పాటలు సాగినట్టు నాకూ అనిపించాయి, అది వేరే సంగతి. మొత్తం మీద మాత్రం, ఇన్నేళ్లూ ఇతరుల కథలకు పాడిన గొంతు తన కథ చెప్పుకుంటే ఎలా ఉంటుందో ఇందులో వినబడుతుంది.

క్లాసులో స్పీకర్ మీద మొదటి నుంచి చివరిదాకా వినిపించాను. మూడో పాటకే ఒకడు ఫోన్ తీశాడు. ఇంకొకడు కాసేపు ఓపిక పట్టి, చాలా మర్యాదగా అడిగాడు: ‘‘ఈ పాటలో హీరో ఎవరు సార్?’’

నవ్వొచ్చింది గానీ, ఆ పిల్లవాడు అడిగినదాంట్లో తప్పేం లేదు. వాడికి ఊహ తెలిసినప్పటి నుంచి పాట అంటే సినిమా విడుదలకు కొన్ని వారాల ముందు ఒక్కొక్కటిగా వదిలే లిరికల్ వీడియో. తెర మీద హీరో ఫొటో, కింద సాహిత్యం, పక్కన వ్యూస్ లెక్క. ఆ లెక్క లేని పాటను ఎక్కడ పెట్టి చూడాలో వాడికెవరూ చెప్పలేదు.

ఎల్లప్పుడూ ఇలాగే ఉన్నామా అంటే, లేము. ఘంటసాల ఎన్టీఆర్‌కూ పాడారు, ఏఎన్నార్‌కూ పాడారు. అదే ఘంటసాల కరుణశ్రీ గారి ‘పుష్పవిలాపం’ ప్రైవేటు రికార్డుగా ఇస్తే, ఇల్లిల్లూ విని కంటతడి పెట్టుకుంది. అందులో హీరో ఎవరని ఒక్కరూ అడగలేదు. ఆయన పోయాక 1974లో వచ్చిన ‘భగవద్గీత’ రికార్డు ఈనాటికీ ఊళ్లలో మైకుల్లో మోగుతూనే ఉంది. సాలూరి రాజేశ్వరరావు, రావు బాలసరస్వతీదేవి ప్రైవేటు పాటలకు సినిమా పాటలతో సమానంగా అభిమానులు ఉండేవారు. సొంత గోడు సొంతంగా పాడుకున్న రామదాసునూ అన్నమయ్యనూ నెత్తిన పెట్టుకున్నవాళ్లం మనం. 1986లో ఇళయరాజా సినిమాతో సంబంధం లేకుండా ‘హౌ టు నేమ్ ఇట్’ చేస్తే, మాటల్లేని ఆ క్యాసెట్‌ను మా ఊరి చర్చిలో గిటార్ నేర్పిన మాస్టారు టేపు నలిగేదాకా విన్నారు. అన్నట్టు, తెలుగు జిల్లాల్లో గిటార్ పట్టిన నా తరం వాళ్లలో చాలామందికి తొలి బడి చర్చి కోయిరే. రాక్ సంగీతం పబ్బుల్లోంచి పుట్టుకొచ్చిందనుకునే జూబ్లీహిల్స్ వాళ్లకు ఈ సంగతి తెలియదు.

గాయకుడు ఎదిగితే అభిమాని అలగడం మన దగ్గరే పుట్టిన జబ్బేం కాదు. అమెరికాలో బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్ 1980లో ‘ది రివర్’తో జనాన్ని ఊపేశాడు. ఆ వెంటనే అలాంటిదే ఇంకోటి ఇవ్వకుండా, 1982లో ‘నెబ్రాస్కా’ ఇచ్చాడు. ఇంట్లో నాలుగు ట్రాకుల క్యాసెట్ రికార్డర్ మీద గిటారు, మౌతార్గాన్ పెట్టుకుని పాడుకున్న పాటలు. బ్యాండుతో మళ్లీ రికార్డు చేసి చూస్తే కుదరక, ఆ ఇంటి టేపునే విడుదల చేశారు. నేరస్తులు, ఉద్యోగం పోయినవాళ్లు, అప్పుల్లో ఉన్నవాళ్లు మాట్లాడే పాటలవి. రెండేళ్లకు ప్రపంచాన్ని ఊపేసిన ‘బార్న్ ఇన్ ది యూఎస్ఏ’ పాట తొలి రూపం కూడా ఆ ఇంటి టేపుల్లోదే. నిశ్శబ్దంగా పాడిన ఆ ఏడాదే లేకపోతే ఆ తర్వాతి హోరు ఎక్కడ నుంచి వచ్చేది? అభిమానులు తికమకపడ్డా, వదిలెయ్యలేదు. ఆల్బమ్ అంటే ఒక మనిషి ఒక కాలంలో ఎలా ఉన్నాడో చెప్పే వస్తువని అక్కడి శ్రోతకు అలవాటు.

‘‘సార్, మాకు ఇంగ్లిష్ అంత రాదు కదా’’ అన్నాడు ఎస్సై పరీక్షకు చదివే పిల్లవాడొకడు. నిజమే. బిట్ పేపర్ ఇంగ్లిష్‌తో మినియాపొలిస్ పాట లోపలికి వెళ్లడం కష్టం. మా ఇంటి ఓనరు, కొత్తపేటలో రిటైరైన తెలుగు పండితుడు, ఇంకో అడుగు ముందుకేసి, ‘‘ఆ అబ్బాయి తెలుగు పలికినా నాకు ఇంగ్లిష్ లాగే ఉంటుందయ్యా’’ అంటారు. ఆయనతో వాదన పెట్టుకోను.

సరే, తెలుగులోనే చూద్దాం. చౌరస్తా బ్యాండు ‘ఊరెళ్లిపోతా మామా’ పాడినప్పుడు గడ్డిఅన్నారం హాస్టళ్ల డాబాల మీద ఆ పాట ఎన్ని రాత్రులు మోగిందో నాకు తెలుసు. పట్నానికొచ్చి ఇరుకు గదిలో పడుకున్న పిల్లలకు అది వాళ్ల పాటే. సినిమా లేదు, హీరో లేడు, అయినా అర్థం చెప్పాల్సిన అవసరం రాలేదు. అందులో పాడిన రామ్ మిరియాల తర్వాత సినిమాల్లోకి వెళ్లాడు. 2021లో ‘జాతి రత్నాలు’ చిట్టి, 2022లో డీజే టిల్లు పాట. వెళ్లాడని తప్పు పట్టను, ఇల్లు గడవాలి. పైగా సినిమా పాట కూడా ఎదగగలదు. 2023లో ‘బలగం’ కోసం ఆయన, మంగ్లీ పాడిన ‘ఊరు పల్లెటూరు’ రాసిన కాసర్ల శ్యామ్‌కు జాతీయ అవార్డు ఊరికే రాలేదు. కానీ ఒక్కటి చూడండి. చౌరస్తా పాటను మోసిన ఆ డాబాల మీదే ఇప్పుడు ఆ తరహా కొత్త పాట ఏదని అడిగితే జవాబు రాదు. గాయకుణ్ని ప్రేమించాం, ఆయన సొంతంగా పాడుకునే చోటును నిలబెట్టుకోలేదు.

మా క్లాసులో ఒక్కరు మాత్రం ‘సిద్ధార్థ్’ను పట్టుకున్నారు. ఎల్బీ నగర్‌లో ఓ మెడికల్ షాపులో పనిచేసే అమ్మాయి. రోజూ మెట్రోలో పోతూ వస్తూ ఇయర్‌ఫోన్స్‌తో మొత్తం వినేసింది. ‘‘మాటలన్నీ అర్థం కాలేదు సార్. కానీ ఈయన ఇందులో ఎవర్నీ మెప్పించాలని చూడట్లే. అది నచ్చింది’’ అంది. పత్రికల్లో సమీక్షలు రాసేవాళ్లకు ఈ ముక్క తట్టి ఉంటే బాగుండేది. 2024 ఏప్రిల్‌లో సిద్ శ్రీరామ్ అమెరికాలో కోచెల్లా సంగీతోత్సవం వేదిక ఎక్కినప్పుడు మన దగ్గర వార్తలన్నీ ‘శ్రీవల్లి సింగర్ కోచెల్లాలో’ అనే తీరులో నడిచాయి.

ఇంకో అడ్డంకి ఉంది, అది భూగోళం. సినిమాతో పనిలేని బ్యాండు ఏదైనా నగరంలో వాయించిందంటే అది గచ్చిబౌలిలోనో, హైటెక్స్‌లోనో, జూబ్లీహిల్స్‌లోనో. ఎల్బీ నగర్ నుంచి పోవాలంటే అమీర్‌పేటలో రైలు మారాలి, చివరి మెట్రో కోసం ఆఖరి పాటలు వదులుకోవాలి. టికెట్ ధర హాస్టల్ పిల్లవాడి మెస్ బిల్లుకు పోటీ వస్తుంది. మూసీకి ఈవలి ఒడ్డున లక్షల మంది కుర్రకారు ఉన్నా, వాళ్లకు డీజే, సినిమా ఫంక్షన్ తప్ప మరేం పట్టదని నిర్వాహకులు ముందే తీర్మానించేసుకున్నారు. ఊరెళ్లిపోతా మామాను నిలబెట్టింది ఎవరో వాళ్లకు గుర్తులేదు.

కచేరీలు పెట్టేవాళ్లకు నా విన్నపం ఒకటే. సరూర్‌నగర్ స్టేడియం ఉంది, ఒక్క సాయంత్రం అక్కడ సినిమా పాట లేకుండా, వంద రూపాయల టికెట్ పెట్టి, సొంత పాట రాసుకున్న తెలుగు గాయకుణ్ని నిలబెట్టండి. పాఠకులకు కూడా ఓ మాట. మీకు నచ్చిన గొంతు సొంతంగా ఏదైనా పాడిందని తెలిస్తే, లిరికల్ వీడియో కోసం వెతక్కుండా మొదటి పాట నుంచి చివరి పాట దాకా వరసగా ఒక్కసారి వినండి. నచ్చకపోతే మానెయ్యండి, విన్నాక మానెయ్యండి.