యంత్రంతో ఆటలో న్యాయం

పిల్లలూ, జంగారెడ్డిగూడెంలో అయినా, మరే ఊళ్ళో అయినా అరుగుమీద ఇద్దరు చదరంగం పరిచారంటే చుట్టూ నలుగురు చేరతారు. వారిలో ఒకడు ఉండబట్టలేక, "గుర్రాన్ని కదుపు!" అంటాడు. ఇక అది ఇద్దరి ఆట కాదు. ఇది న్యాయం కాదని మీకు తెలుసు. మరి ఆడేవారిలో ఒకరు యంత్రమైతే?

1770లో కెంపెలెన్ అనే ఆయన వియన్నాలో చదరంగమాడే బొమ్మను ప్రదర్శించాడు. అది ఎందరినో ఓడించింది. నిజానికి దాని పెట్టెలో ఒక మనిషి దాగి ఉండి ఆడేవాడు!

మన చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టిన రాజ్ రెడ్డిగారు ఆచార్యులుగా ఉన్న కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో, 1980లలో కొందరు విద్యార్థులు చదరంగమాడే కంప్యూటరును తయారుచేశారు. తరువాత వారిలో కొందరు ఐబీఎం సంస్థలో చేరి 'డీప్ బ్లూ'ను నిర్మించారు. అది సెకనుకు 20 కోట్ల స్థితులను పరిశీలించగలిగేది. 1997 మేలో న్యూయార్కులో అది ప్రపంచ విజేత కాస్పరోవ్‌ను 3½–2½ తేడాతో ఓడించింది.

ఆట సాగుతుండగా మనుషులు యంత్రానికి ఎత్తు చెప్పరాదు. ఒక ఆటకూ మరో ఆటకూ మధ్య మాత్రం దానిని సవరించవచ్చు. ఇదీ నిబంధన. రెండో ఆటలో యంత్రం వేసిన ఎత్తు అచ్చం మనిషి ఎత్తులా ఉన్నదని కాస్పరోవ్ అనుమానించాడు. యంత్రం వేసుకున్న లెక్కలు చూపమన్నాడు. వెంటనే చూపలేదు, ఐబీఎం వాటిని తరువాత ప్రకటించింది. మోసం జరగలేదని కాస్పరోవే 2017లో తన పుస్తకంలో రాశాడు. అంటే, ఒక్క అనుమానం తీరడానికి ఇరవై ఏళ్ళు పట్టిందన్నమాట!

2002లో బహ్రెయిన్‌లో క్రామ్నిక్ 'డీప్ ఫ్రిట్జ్'తో ఆడినప్పుడు, ఆ ప్రోగ్రామును ముందుగానే ఆయన చేతికిచ్చారు. ఎదుటివాడి ఆట ఎలాంటిదో తెలుసుకునే అవకాశం మనిషికీ దొరికింది. ఎనిమిది ఆటలు ఆడి ఇద్దరూ 4–4తో సమానంగా నిలిచారు.

ఇప్పుడు వ్యవహారం తిరగబడింది. యంత్రానికి మనిషి సాయం చేస్తాడేమోనన్న భయం పోయి, మనిషే యంత్రం సాయం తీసుకుంటాడేమోనన్న భయం వచ్చింది. అందుకే పెద్ద పోటీలలో ఆటగాళ్ళు ఫోను దగ్గర ఉంచుకోరాదు.

మీ బళ్ళో పోటీ పెట్టుకుంటే, నిబంధనలు ఆటకు ముందే కాగితంమీద రాసుకోండి. ప్రతి ఎత్తునూ రాసిపెట్టండి. అలా రాసి ఉంటే ఓడినవాడికి తాను ఎక్కడ ఓడిందీ తెలుస్తుంది. గెలిచినవాడి మీద అనుమానమూ ఉండదు.