వేగమా? భద్రతా?

'నిదానమే ప్రధానం' అన్నది పెద్దల మాట. కంప్యూటర్ ప్రాసెసర్ల నిర్మాతలు మాత్రం చాలాకాలం వేగమే ప్రధానమని నమ్మారు. ఆ నమ్మకంలోని ప్రమాదం 2018 జనవరిలో లోకానికి వెల్లడయింది.

నేటి ప్రాసెసర్ నిర్ణయం తేలేదాకా ఊరకుండదు. రాబోయే పనిని ఊహించి ముందే చేసిపెడుతుంది. రోజూ వచ్చే మనిషి గుమ్మంలో కనబడగానే, అడగకముందే పెనం మీద దోసె పోసే వంటవాని తీరు అది. ఊహ ఫలిస్తే కాలం కలిసివస్తుంది. తప్పితే ఆ పని రద్దవుతుంది. దోసెను పారవేసినా వంటింట్లో వాసన మిగులుతుంది కదా! అట్లే, ఊహలో భాగంగా చదవరాని రహస్యాన్ని చదివితే దాని జాడ క్యాష్ మెమరీలో మిగులుతుంది. క్యాష్‌లో ఉన్న సమాచారం త్వరగా, లేనిది ఆలస్యంగా అందుతుంది. ఆ కాలభేదాన్ని కొలిచి రహస్యాన్ని పసిగట్టవచ్చునని పరిశోధకులు నిరూపించారు. ఈ లోపాలకే మెల్ట్‌డౌన్, స్పెక్టర్ అని పేర్లు.

ఆపరేటింగ్ సిస్టమ్‌కు హృదయం వంటిది కెర్నల్. చిప్‌లో పుట్టిన లోపానికి కాపలా కాసే భారం దానిపై పడింది. ఆస్ట్రియాలోని గ్రాజ్ సాంకేతిక విశ్వవిద్యాలయ పరిశోధకులు 2017లో ప్రతిపాదించిన 'కైజర్' పద్ధతి ఆధారంగా, లినక్స్ కెర్నల్ తన మెమరీని సాధారణ ప్రోగ్రాముల కంటికి కానరాకుండా వేరుచేసింది. మెల్ట్‌డౌన్‌కు అది అడ్డుకట్ట అయింది. స్పెక్టర్‌లో ఒక రకాన్ని నిలువరించడానికి గూగుల్ ఇంజనీర్లు 'రెట్‌పోలీన్' అనే ఉపాయాన్ని కనిపెట్టారు. అయితే, రక్షణ కొంత వేగాన్ని హరిస్తుంది. కెర్నల్‌ను మాటిమాటికి పిలిచే పనులకు ఆ నష్టం అధికం.

ఆ నష్టాన్ని సాకుగా చూపి రక్షణలను తొలగించేవారున్నారు. లినక్స్‌లో ఒక్క ఆదేశంతో వాటిని ఆపివేసే వీలు 2019 నుండి ఉన్నది. బయటి ప్రోగ్రాములను ఎన్నడూ నడపని ఒంటరి యంత్రానికి అది చెల్లవచ్చు. పలువురి సమాచారాన్ని ఒకేచోట మోసే క్లౌడ్ సర్వరుకు చెల్లదు. అక్కడ వేగం వల్ల కలిగే లాభం యజమానిది. రహస్యం పోతే నష్టం ఖాతాదారులది. ఒకరి లాభానికి మరొకరి రహస్యాన్ని పణంగా పెట్టడం న్యాయం కాదు.

కొన్ని ప్రాసెసర్లలో రెట్‌పోలీన్ కూడా చాలదని 2022లో 'రెట్‌బ్లీడ్' దాడి చాటింది. కనుక ఇది ఒకనాటితో ముగిసే కాపలా కాదు. భారమంతా కెర్నల్ రచయితలపైనే మోపక, చిప్ రూపకర్తలు నిర్మాణదశలోనే భద్రతను వేగంతో సమానంగా తూచాలి. రేపటి ఇంజనీర్లు కానున్న విద్యార్థులు గ్రహించవలసిన ధర్మమిది.